గ్యాంగ్రీనుకి మన మాట

తాతబ్బాయికి ఆ మాట భలే నచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచం దగ్గరికి రాకముందే తనే అందుకునేవాడు. "నాకు గ్యాంగ్రీనట" అని. బీపీ, సుగరు అందరికీ ఉండేవే. ఇది అలాంటిది కాదు, పెద్దాస్పత్రి డాక్టరమ్మ నోటినుంచి వచ్చిన మాట. ఆయన గొంతులో కాస్త గొప్ప కూడా వినిపించేది. పక్కనే స్టూలు మీద కూర్చున్న కోడలు కనకదుర్గ మాత్రం ఆ మాట వినబడినప్పుడల్లా తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసేది.

కాలు సంగతి వానలు మొదలైనప్పుడు మొదలైంది. తాతబ్బాయి శ్రీకాకుళం ఒడ్డునుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చి అండమానులో చేపలవేట చేసుకుని బతికిన మనిషి. ఓపిక తగ్గాక పడవ ఎక్కడం మానేశాడు గానీ ఒడ్డుని మానలేదు. తెల్లారేసరికి బాంబూఫ్లాట్ రేవు పక్కకి పోయి, ఎవరి వల చిరిగితే వాళ్ళ వల ఒళ్ళో వేసుకుని బాగుచేస్తూ కూర్చునేవాడు. అక్కడే ఒకనాడు ఆలిచిప్ప ఒకటి బొటనవేలి కింద కోసింది. సుగరు మనిషి కదా, కోసినట్టు కూడా ఆయనకి తెలియలేదు. ఇంటి గచ్చు మీద నెత్తుటి మరకలు చూసి కనకదుర్గే, "మావయ్యా, మీ కాలు చూసుకోండి" అంది.

"ఆలిచిప్ప కోతకి ఆసుపత్రేటి? సముద్రం ఇంటే నవ్వుతాది" అని పసుపూ కొబ్బరినూనే రాసుకున్నాడు.

వేలు ముందు ఎర్రబడింది. తర్వాత నీలంగా మారింది. చివరికి కాలిన పుల్లలా నల్లబడింది. అప్పటికిగాని ఆయన ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ రావడానికి ఒప్పుకోలేదు.

ఇంట్లో మగదిక్కు అంటే కనకదుర్గ మొగుడు చిరంజీవి. అతను ఫీనిక్స్ బే రేవు నుంచి దీవులకి తిరిగే ఓడలో పనిచేస్తాడు. ఓడ ఇప్పుడు నికోబారు వైపు పోయింది. రేవు తగిలినప్పుడే ఫోను, లేకపోతే లేదు. కూతురు లహరి పోర్ట్ బ్లెయిర్‌లో కాలేజీకి పోతోంది. కాబట్టి ఆస్పత్రి బరువంతా కనకదుర్గ మీదే పడింది. అంగన్‌వాడీలో పిల్లలకి వండిపెట్టే పని ఆమెది. పొద్దున్నే అక్కడ పప్పూ అన్నం దించి, చాథం రేవుకి పోయే ఫెర్రీ అందుకుని, అక్కణ్ణించి బస్సెక్కి ఆస్పత్రికి వచ్చేది. మామగారి బట్టలు మార్చి, మంచం సర్ది, తినిపించి, సాయంత్రం లహరి వచ్చాక మళ్ళీ ఇంటికి. ఇంటికి పోయి చేసేదేమిటి? మామగారి గుడ్డలు ఉడకబెట్టి ఉతుక్కోవడం. పడుకుంటే నిద్ర వచ్చేది కాదు, కూర్చుంటే వచ్చేది.

డాక్టరమ్మ చిన్న వయసుది, మెత్తని మనిషి. మొదటిసారి కాలు చూశాక కనకదుర్గనీ లహరినీ వరండాలోకి పిలిచింది. "దీదీ, గ్యాంగ్రీన్ హో గయా హై" అంది. పాదం తీసెయ్యాలనీ, ఆలస్యమైతే పైకి పాకుతుందనీ హిందీలో నిదానంగా చెప్పింది. ఇంకా ఏదో అడగబోయి, కనకదుర్గ ముఖం చూసి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

"ఆ మాటకి అర్థం ఏంటి లహరీ?"

లహరి ఫోను తీసి చూసింది. పెదాలు కదుపుతూ లోపలే చదువుకుంది. "ఖూన్ అందక టిష్యూ చచ్చిపోతుందంటమ్మా. తర్వాత అది... డీకే అవుతుందంట."

"అంటే?"

"మతలబ్... సడ్ జాతా హై."

హిందీలో చెప్పగానే కనకదుర్గకి తెలిసిపోయింది. అయినా తెలుగులో తనే అంది. "కుళ్ళిపోయింది."

లహరి తలెత్తి చూసింది. "కుళ్ళు అంటే జెలసీ కదమ్మా? పక్కింటి సరోజినాంటీ మనల్ని చూసి కుళ్ళుకుంటోంది అంటావు కదా."

"అదీ కుళ్ళే" అంది కనకదుర్గ. "లోపల్నుంచి పాడవడం ఏదైనా కుళ్ళే." అని అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. లహరి కూడా పక్కనే కూర్చుంది. ఫోను బోర్లా తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

సాయంత్రం చిరంజీవి ఫోను కలిసింది. ఓడ గోలలో అతని మాట సగం వినబడింది, సగం లేదు. సంగతంతా విన్నాడు. చివరికి, "నాన్నకి ఆ ఇంగ్లీషు మాటే సెప్పండి. అంతకన్నా ఇంకేటీ సెప్పొద్దు. కుళ్ళిందంటే ఆ మనిషి గుండె ఆగిపోద్ది. నాను వొచ్చీదాకా అలగే ఉండనీ" అన్నాడు.

"డాక్టరమ్మ తొందరగా కొయ్యాలంటోంది."

"కొయ్యమను. ఏటని సెప్పి కొయ్యాలో మాత్రం నాకు తెల్దు దుర్గా."

ఆ తెలీని పని కనకదుర్గకి వదిలేసి ఓడ సాగిపోయింది.

అలా ఆ ఇంగ్లీషు మాట మంచం దగ్గర స్థిరపడిపోయింది. నర్సులు అదే అనేవారు, లహరి అదే అనేది, కనకదుర్గ కూడా అదే అనేది. దానిలో వాసన లేదు. దాన్ని పట్టుకుని ఎవరైనా ఎంతసేపైనా మాట్లాడొచ్చు. తాతబ్బాయి పాత స్నేహితుడు నూకన్న చూడ్డానికి వచ్చినప్పుడు దాన్నే పట్టుకుని ఇద్దరూ పూటంతా గడిపారు.

"ఏటన్నావు? గ్యాంగు గ్రీనా?" అన్నాడు నూకన్న.

"గ్యాంగ్రీను."

"గ్రీనంటే ఆకుపచ్చ కదేటి? నీ కాలు నల్లగుంది కదరా."

"నల్లగుంటేనేటి, పచ్చగుంటేనేటి? పేరు డాక్టర్లు పెట్టినారు, నానా పెట్టినాను?"

నూకన్న పకపకా నవ్వాడు. తాతబ్బాయీ నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించి పక్క మంచం కేసి కళ్ళతో చూపించాడు. ఆ మంచం మీద రాంచీ మనిషి ఒకడున్నాడు, చెట్లు కొట్టే పనిలో నడుం విరగ్గొట్టుకుని వచ్చాడు. "ఆడి దగ్గర్నుంచి ఒకటే కంపురా నూకా. తానం లేదో ఏటో పాపం. మా కోడలికి సెప్తే నర్సుకి సెప్పదు. నన్నైనా ఇంకో మంచానికి మార్చమంటన్నాను."

నూకన్న నవ్వు ఆగిపోయింది. కనకదుర్గ వైపు చూశాడు. ఆమె పళ్ళెం కడుక్కొచ్చే నెపం మీద లేచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నూకన్న వెళ్ళిపోయాడు. తెచ్చిన అరటిపళ్ళు మంచం చివర పెట్టి, చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

కొయ్యడానికి మాత్రం తాతబ్బాయి ఒప్పుకోలేదు. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి ఎంత బతిమాలినా అదే జవాబు. "బీపీకి మాత్రలున్నాయి. సుగరుకి సూదులున్నాయి. ఇంత పెద్ద పేరున్న రోగానికి మందు నేదా తల్లీ? కాలు కోస్తే నాను ఒడ్డుకెలగ ఎల్తాను? వల ఎక్కడ ఏసుకుంటాను?" హిందీలోనూ అదే చెప్పాడు, తెలుగులోనూ అదే చెప్పాడు. డాక్టరమ్మ కనకదుర్గ కేసి చూసింది. కనకదుర్గ నేల కేసి చూసింది.

ఆ సాయంత్రం ఫెర్రీలో కూర్చున్నప్పుడు, పక్కనున్న ఆడమనిషి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కిందా పైనా వెతికింది, ఎవరైనా చేపల బుట్ట పెట్టారేమోనని. ఏమీ కనబడక లేచి అవతలి బల్ల మీదికి మారింది. వాసన తన సంచీలోంచే వస్తోందని కనకదుర్గకి అప్పుడు తెలిసింది. మామగారి గుడ్డలు అందులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ దానిలోనే తిరుగుతోంది గనక తన ముక్కుకి తెలియడం మానేసింది. సంచీ మూతి బిగించి కాళ్ళ మధ్య పెట్టుకుంది. ఏడుద్దామనుకుంది గాని దానికి కూడా ఓపిక లేకపోయింది. రేపు ఎలాగైనా చెప్పాలనుకుంది. రేపు అనుకోవడం కూడా ఎన్నోసారో ఆమెకి గుర్తులేదు.

మర్నాడు వెళ్ళేసరికి తాతబ్బాయికి ఒళ్ళు కాలిపోతోంది. చలితో పళ్ళు కొట్టుకుంటున్నాయి. నలుపు చీలమండ దాటిందనీ, ఇంక ఆగితే మనిషి దక్కడనీ డాక్టరమ్మ చెప్పింది. కాలికి కట్టు మార్చే నర్సు సామాను తీసుకుని వచ్చింది. ఎప్పటిలాగే కనకదుర్గ మామగారి తలని అటుపక్కకి తిప్పి, కళ్ళకి అడ్డంగా తువ్వాలు పెట్టబోయింది. ఇన్నాళ్ళూ అలాగే చేస్తోంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాడు. జ్వరంలో కూడా ఆ పట్టు వలతాడు లాగిన మనిషి పట్టులాగే ఉంది.

"దుర్గమ్మా. నాను గ్యాంగ్రీను అన్నపుడల్లా నువ్వు కిటికీ కాసి సూస్తావు. ఏటుందమ్మా అక్కడ?"

"ఏం లేదు మావయ్యా."

"మరైతే నన్ను సూసి సెప్పు. ఆ మాటకి మన మాటేటి?"

బయట వాన పడుతోంది. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. నర్సు కత్తెర చేతిలో పట్టుకుని ఆగింది. చిరంజీవి చెప్పింది కనకదుర్గకి గుర్తొచ్చింది. కానీ చిరంజీవి ఇక్కడ లేడు. ఆమె మామగారి కళ్ళలోకి చూసింది.

"కుళ్ళిపోయింది మావయ్యా. మీ కాలు కుళ్ళిపోయింది."

తాతబ్బాయి చెయ్యి వదిలేశాడు. అరవలేదు, గుండె ఆగిపోలేదు. మోచెయ్యి ఆన్చి లేవబోయాడు, కుదర్లేదు. తర్వాత, "నన్ను లేపు" అన్నాడు.

కనకదుర్గ వీపు కింద చెయ్యి పెట్టి లేపి కూర్చోబెట్టింది. కట్టు విప్పమని నర్సుకి తనే సైగ చేశాడు. విప్పింది. చూశాడు. వేలు, వేలి పక్క వేలు, పాదం మీదుగా చీలమండ దాటి పాకిన నలుపు, దాని అంచున తడి. ముఖం తిప్పుకోలేదు. ముక్కుతో ఒకసారి గాలి పీల్చి, మెల్లగా పక్క మంచం వైపు తిరిగాడు.

"అయితే ఆ కంపు నాదేనేటి?"

కనకదుర్గ తలూపింది.

"నాను ఆడిది అనుకున్నాను" అన్నాడు. "నోటికొచ్చినట్టు అన్నాను కదే ఆణ్ణి. నువ్వు ఇని కూడా ఊరుకున్నావు."

రాంచీ మనిషి మెలకువగానే ఉన్నాడు. తెలుగు అతనికి రాదు గాని ఇన్నాళ్ళుగా ఆ చూపులు అతనికి అర్థం కాకుండా ఉంటాయా? తాతబ్బాయి రెండు చేతులూ జోడించాడు. "భయ్యా, మాఫ్ కర్నా. బద్‌బూ మేరా థా" అన్నాడు. కంపు నాదే తమ్ముడూ అని.

ఆ మనిషి పడుకునే, ఫరవాలేదన్నట్టు చెయ్యెత్తి ఊపాడు. "కోయీ బాత్ నహీఁ, చాచా" అన్నాడు. తనకి మొదటినుంచీ తెలుసనీ, పెద్దాయన బాధ పడతాడని ఊరుకున్నాననీ కూడా అన్నాడు.

ఆ మాట విన్నాకే తాతబ్బాయికి కోపం వచ్చింది. "ఆడికీ తెలుసు. నూకన్నకీ తెలుసు. ఊరందరికీ తెలుసు. ఎవడి కాలో ఆడికే తెల్దు! నన్ను ఎర్రోణ్ణి సేసి కూకోబెట్టినారు. ఇంగ్లీషు మాటిచ్చి ఆడుకోమన్నారు, పసిబిడ్డకి గిలక్కాయిచ్చినట్టు." ఆయన తిట్టాల్సినంతా తిట్టి అలిసిపోయి వెనక్కి వాలాడు. కాసేపటికి కళ్ళు తెరవకుండానే, "డాక్టరమ్మని పిలు. కోసెయ్యమను. కుళ్ళింది ఉంచుకుని ఏటి సేస్తాం" అన్నాడు.

ఆ పూటే ఆపరేషన్ చేశారు. పాదంతో పోతుందనుకున్నది మోకాలి పైదాకా పోయింది. డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పినప్పుడు కనకదుర్గ ఒక్కటే అడిగింది. ముందే ఒప్పుకుని ఉంటే మోకాలు దక్కేదా అని. "చెప్పలేం దీదీ. దక్కేదేమో. దక్కకపోనూ వచ్చు" అంది డాక్టరమ్మ హిందీలో. ఆ తర్వాత కనకదుర్గ ఆ ప్రశ్న ఇంకెవర్నీ అడగలేదు. తనని మాత్రం అడుగుతూనే ఉంది. వంట చేస్తూ, గుడ్డలు పిండుతూ, బస్సు కడ్డీ పట్టుకుని వేలాడుతూ.

చిరంజీవి ఓడ దిగి ఫీనిక్స్ బే నుంచి తిన్నగా ఆస్పత్రికి వచ్చాడు. దుప్పటి కింద ఒక పక్క చదునుగా ఉండడం చూసి లోపల నిలబడలేకపోయాడు. వరండాలోకి వచ్చి పెళ్ళాం మీద పడ్డాడు.

"వొద్దన్నానా నేదా? ఆ మాట ఎలగన్నావు నాన్నతో? నీకు నోరెలగొచ్చింది?"

"నీకు రాలేదు కనక నాకొచ్చింది" అంది కనకదుర్గ. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. "లహరికి ఆ మాటే తెలీదు. డాక్టరమ్మకి తెలుగు రాదు. నువ్వు సముద్రం మీదున్నావు. ఇంకెవరనాలి చెప్పు? ముందే అనుంటే మోకాలు ఉండేదేమో. అదీ నేనే మొయ్యాలి. నువ్వొచ్చి ఇంకోటి పెట్టకు నా నెత్తి మీద."

చిరంజీవి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆమె చేతిలోని సంచీ తీసుకుని, "ఈ గుడ్డలు నాను ఉతుకుతాను" అని పంపు దగ్గరికి వెళ్ళాడు. సెలవున్నన్నాళ్ళూ ఆ గుడ్డలు అతనే ఉతికాడు. భార్యాభర్తల మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు.

తాతబ్బాయి మాత్రం కోడలితో మాట్లాడ్డం తగ్గించాడు. పెట్టింది తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతే. కోపమో సిగ్గో ఆమెకి తెలియలేదు, తెలుసుకునే ఓపికా లేదు. పుండు మానింది. జ్వరం రాలేదు. ఎవరైనా చూడ్డానికి వస్తే ఇప్పుడు తనే చెప్పడం లేదు. వాళ్ళడిగితే, "కాలు కుళ్ళిపోతే కోసేసినారు" అని ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకునేవాడు. వచ్చినవాళ్ళే ఆ మాట తట్టుకోలేక, "గ్యాంగ్రీనై ఉంటుంది" అని సర్ది చెప్పేవారు. ఆయన అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు.

ఇంటికి పంపే రోజుకి చిరంజీవి మళ్ళీ ఓడెక్కేశాడు. చక్రాల కుర్చీలో తాతబ్బాయి, ఒక పక్క లహరి, ఒక పక్క కనకదుర్గ. చాథంలో ఫెర్రీ వాళ్ళు నలుగురు చెయ్యేసి కుర్చీని బళ్ళు నిలిపే చోటికి ఎక్కించారు. వానలు వెనకబట్టాయి. మధ్యాహ్నపు ఎండ నీళ్ళ మీద మెరుస్తోంది. రెండు మోటారు సైకిళ్ళ మధ్య కాస్త నీడ చూసి కుర్చీ నిలబెట్టారు. కనకదుర్గ దాని పక్కనే ఇనప నేల మీద చతికిలబడింది. ఫెర్రీ కదిలిందో లేదో ఆమె తల పక్కకి వాలి, కుర్చీ చేతి మీద ఆనుకుంది. తాతబ్బాయి తన చెయ్యి వెనక్కి తీసుకుని ఆ తలకి చోటిచ్చాడు.

బాంబూఫ్లాట్ వచ్చింది. తాళ్ళు వేశారు. బళ్ళు స్టార్ట్ అయ్యాయి, జనం తోసుకుంటూ దిగారు. అంత గోలలోనూ కనకదుర్గ కదల్లేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది. లహరి వంగి, "అమ్మా, ఉఠో" అని భుజం పట్టుకోబోయింది.

"లేపకు" అన్నాడు తాతబ్బాయి.

"దిగాలి తాతా, ఆటోవాలా వెయిట్ చేస్తున్నాడు."

"సెయ్యనీ. ఎన్నాళ్ళయింది అది కన్ను మూసి. ఈ ఫెర్రీ చాథం ఎల్లి మళ్ళా ఇక్కడికే వొస్తాది కదా. ఏటి తొందర మనకి?"

తాళ్ళు పట్టుకున్న మనిషి వచ్చి, మీరు దిగడం లేదా అని హిందీలో అడిగాడు. తాతబ్బాయి పెదాల మీద వేలు పెట్టి, తర్వాత ఆ వేలితో కోడల్ని చూపించాడు. ఆ మనిషి ఒకసారి ఆమెనీ, ఒకసారి దుప్పటి కింద లేని కాలునీ చూసి, వెళ్ళి తాళ్ళు విప్పుకున్నాడు. చాథం పోయేవాళ్ళు ఎక్కారు. ఇంజను మళ్ళీ మోగింది.

ఎండ ఆమె ముఖం మీదికి తిరిగింది. తాతబ్బాయి మెడలో తువ్వాలు తీసి రెండు చేతులతో అడ్డంగా పట్టుకున్నాడు. చేతులు నొప్పెట్టినప్పుడు లహరి ఒక కొస అందుకుంది.